తాళం చెవి ఎవరికిచ్చి వెళ్తారు?

పాఠకుల ప్రశ్నలకు టీచరమ్మ జవాబులు

ప్రశ్న: టీచరుగారికి నమస్కారం. మాది ఇచ్ఛాపురం పక్క పల్లె. పెళ్లయి ఒడిశాలోని బరంపురం వచ్చి పదకొండేళ్లయింది. మా ఆయన ఇక్కడ ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో లెక్కలు చూస్తారు. పెద్దబజారు వెనక సందులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం. బాబుకి ఎనిమిదేళ్లు, పాపకి నాలుగు. మా అత్తగారికి అరవై ఎనిమిది. సందులో బండి పెట్టడానికి చోటుండదు, నీళ్లు పొద్దున్న కాసేపే వస్తాయి, పెళ్లిళ్ల సీజన్ వస్తే డీజే చప్పుడుకి కిటికీ తలుపులు అదురుతాయి. పిల్లలు ఆడుకోవాలంటే మేడ మీదకే. ఇప్పుడు మా ఆయన ఛత్రపురంలో ఇల్లు కొందామంటున్నారు. చుట్టూ చెట్లు, గాలి, పిల్లలకి సైకిలు తొక్కుకునే రోడ్డు, రోజూ రైల్లో వెళ్లి వచ్చేస్తానంటున్నారు. చూసి వచ్చాం, నాకూ నచ్చింది. కానీ ఎందుకో మనసు ఒప్పుకోవడం లేదు. కారణం అడిగితే చెప్పలేకపోతున్నాను. మీరు అక్కడ చాలాకాలం ఉన్నారని ఈ శీర్షికలోనే ఒకసారి రాశారు. ఏం చెయ్యమంటారు?
— ఒక సోదరి, బరంపురం

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో ఇంటి గురించి చాలా రాశావు. మీ ఆయన గురించి, పిల్లల గురించి రాశావు. మీ అత్తగారి వయసు తప్ప ఇంకేం రాయలేదు. ఆవిడకి ఒడియా వచ్చా? పగలంతా ఆవిడ ఎవరితో మాట్లాడతారు? నీ మనసు ఒప్పుకోకపోవడానికి కారణం అక్కడెక్కడో ఉందని నాకనిపిస్తోంది. ఎందుకంటే మా ఇంట్లో జరిగింది అదే.

1994లో మేం బరంపురం నుంచి ఛత్రపురం మారాం. ఊరు పెద్దది బరంపురమైనా గంజాం జిల్లాకి కేంద్రం ఛత్రపురం. కలెక్టరాఫీసు అక్కడే. మావారికి అందులో గుమాస్తా ఉద్యోగం. నాకేమో బరంపురంలో ఒక తెలుగు బడిలో ఉద్యోగం. రోజూ ఆయన రైల్లో వచ్చి వెళ్లడం దేనికి, ఇల్లే అక్కడికి మారుద్దాం, నువ్వే రైలెక్కు అన్నారు. అదేం లెక్కో అప్పుడు నాకు అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. సరే, మారాం.

మొదటి నెల స్వర్గంలా ఉంది. పెరట్లో జామచెట్టు, రోడ్డు మీద బండ్లు లేవు, తంపర చెరువు మీంచి సాయంత్రం చల్లగాలి. వానాకాలం మొదలయ్యాక మొగలి పొదల వైపు నుంచి వాసన వచ్చేది. గంజాం మొగలి అత్తరుకి పేరున్న సరుకు, ఆ చుట్టుపక్కల ఇసుక నేలల్లోనే పండుతుంది. నగరానికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఇంత హాయి ఉందా అనుకున్నాను. ఆదివారం బరంపురం చుట్టాలు వచ్చి, భోంచేసి, ‘మీరు అదృష్టవంతులే’ అని వెళ్లేవాళ్లు. ఆదివారం వచ్చినవాళ్లకి అందరి ఇల్లూ బాగానే కనిపిస్తుంది.

మా అత్తగారు అంతకుముందు నలభయ్యేళ్లు బరంపురంలో ఒకే వీధిలో కాపురం చేశారు. మనవాళ్ల వీధి అది. అరుగు మీద కూర్చుంటే పొద్దున్నించి రాత్రిదాకా పలకరింపులే. అప్పడాలు ఎండబెట్టుకునేవాళ్లు ఒకళ్లు, వత్తులు చేసుకుంటూ కూర్చునేవాళ్లు ఒకళ్లు, కోడళ్ల మీద ఫిర్యాదులు చెప్పుకునేవాళ్లు మరి నలుగురు. ఆ వీధి రొద పడలేకే మేం బయటపడ్డాం. ఛత్రపురంలో కాంపౌండు గోడ ఉంది, అరుగు లేదు. ఎనిమిదింటికి నేను, పదింటికి ఆయన, బడికి పిల్లాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆవిడా, గోడా.

ఆవిడకి ఒడియా నాలుగు మాటలే వచ్చు. పాలవాడితో ఆ నాలుగూ అయిపోయేవి. మధ్యాహ్నం గేటు దగ్గర పీట వేసుకుని కూర్చునేవారు. సాయంత్రం రైలు కూత వినబడగానే లేచి బియ్యం కడిగేవారట. ఆ సంగతి నాకు చాన్నాళ్లకి తెలిసింది. మూడు నెలలయ్యాక ఒకరోజు నాతో అన్నారు: ‘అక్కడ చప్పుడుకి తలనొప్పొచ్చేది. ఇక్కడ చప్పుడు లేక చెవులు నొప్పెడుతున్నాయే’ అని. నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.

అందుకే అడుగుతున్నాను. ఛత్రపురంలో హాయి ఎవరికి? మీ ఆయనకి రాత్రిపూట, ఆదివారాలూ. పిల్లలకి సాయంత్రాలు. నీకూ మీ అత్తగారికీ రోజంతా. ఆ రోజంతా ఎలా గడుస్తుందో మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారా? ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆవిణ్ణి తీసుకెళ్లారా? లేకపోతే ఈసారి తీసుకెళ్లండి, ఆదివారం మాత్రం వద్దు. మంగళవారమో బుధవారమో పదకొండు గంటలకి వెళ్లి ఆ వీధిలో ఓ గంట ఊరికే నిలబడండి. ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టండి.

ఇంక రైలు సంగతి. ‘రోజూ రైల్లో వెళ్లి వచ్చేస్తాను’ అని మీ ఆయన అన్నంత తేలికేం కాదు. ఇది హౌరా–చెన్నై మెయిన్ లైను. ప్యాసింజరుని పక్కన లూప్ లైన్లో పెట్టి ఎక్స్‌ప్రెస్‌ని పంపిస్తారు, ఆ వెనకే ఇంకోటి ఉంటే దాన్నీ పంపిస్తారు, మధ్యలో గూడ్సు. బరంపురానికీ ఛత్రపురానికీ మధ్య జగన్నాథపూరు స్టేషను ఉంది. అక్కడ నేను ఆగినంతసేపు మా మేనత్త ఇంట్లో కూడా ఆగలేదు. కాపీలు దిద్దాను, స్వెట్టర్లు అల్లాను, చిక్కుడుకాయలు ఒలిచాను. ఆడవాళ్ల పెట్టెలో మాకు ఒక చిట్‌ఫండు కూడా నడిచింది. అవన్నీ ఇప్పుడు తలుచుకుంటే బాగానే ఉంటాయి. కానీ ఒకరోజు సంగతి చెప్తాను.

మా అబ్బాయి అప్పుడు మూడో తరగతి. ఆరోజు మా అత్తగారు పెళ్లికని ఇచ్ఛాపురం వెళ్లారు. మావారు ఎలక్షను డ్యూటీలో ఉన్నారు. నేను ఆరున్నరకల్లా ఇంటికి చేరాల్సింది. ముందెక్కడో గూడ్సు ఆగిపోయి, జగన్నాథపూరులో మా రైలు కదల్లేదు. సెల్‌ఫోన్లు లేవు. ఇల్లు చేరేసరికి తొమ్మిదీ ఇరవై. గేటుకి తాళం ఉంది, పిల్లాడు లేడు. ఆ రెండు నిమిషాలు నాకేమైందో రాయలేను. ఎదురింటి ఒడియా ఆవిడ, అందరం మావుసీ, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం, వాళ్ల వరండాలోంచి చెయ్యి ఊపింది. పిల్లాడు ఆవిడ చాప మీద నిద్రపోతున్నాడు. పఖాళ, అంటే నీళ్లు పోసిన చద్దన్నం, దాంట్లోకి బడి అనే వడియాలు వేయించి పెట్టిందట. వాడు యూనిఫారంలోనే ఉన్నాడు, మా ఇంటి తాళం ఆవిడ దగ్గర లేదు కాబట్టి.

మర్నాడు పొద్దున్నే రెండో తాళం చెవి ఆవిడకిచ్చాను. ఆవిడ దాన్ని కొంగుకి కట్టుకుంది. ఆ ఊళ్లో నేను ఇరవయ్యారేళ్లు ఉన్నాను, ఆవిడ పోయేదాకా మా తాళం చెవి ఆ కొంగునే ఉంది.

మా అత్తగారి దిగులు కూడా ఆవిడ వల్లే తీరింది. మార్గశిరం వచ్చింది. మన వైపు లక్ష్మీవారం నోము పడతాం కదా. మా అత్తగారు తెల్లవారుజామున లేచి గుమ్మం కడిగి బియ్యప్పిండితో ముగ్గు వేస్తున్నారు. ఎదురింట్లో మావుసీ కూడా అదే పనిలో ఉంది! వాళ్లకీ మార్గశిరంలో గురువారాలే, మాణబసా అంటారు. లక్ష్మీదేవి పాదాలు గుమ్మంలోంచి లోపలికి నడిచొస్తున్నట్టు వేస్తారు, పిండిని నీళ్లలో కలిపి వేళ్లతో. ఝోటి అంటారు దాన్ని. ఈవిడ మన చుక్కల ముగ్గు చూపించింది, ఆవిడ పాదాలు నేర్పింది. ఈవిడ తెలుగులోనూ ఆవిడ ఒడియాలోనూ మాట్లాడుకునేవాళ్లు. ఒకళ్ల భాష ఒకళ్లకి రాదు, కానీ కోడళ్ల మీద చెప్పుకోడానికి పెద్ద భాషేం అక్కర్లేదనుకుంటా. ఆ తర్వాత చెవులు నొప్పెట్టాయని మా అత్తగారు ఎప్పుడూ అనలేదు.

కాబట్టి తల్లీ, గచ్చు నున్నగా ఉందా, హాలు పెద్దదా అని తర్వాత చూడు. నువ్వు ఇంట్లో లేనప్పుడు తాళం చెవి ఇచ్చి వెళ్లగలిగే గడప ఆ వీధిలో ఒకటుందేమో ముందు చూడు. కొత్త లేఅవుట్లలో అది దొరకడం కష్టం. సగం ప్లాట్లు ఖాళీ, కట్టిన ఇళ్లలో సగం తాళాలు, యజమానులు భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. పాత ఛత్రపురంలో కోర్టు, ఆఫీసుల చుట్టుపక్కల ఉద్యోగస్తుల కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. కాస్త పాత ఇల్లయినా నేనైతే అక్కడే చూస్తాను.

ఆసుపత్రి సంగతి మర్చిపోకు. ఛత్రపురంలో ప్రభుత్వాసుపత్రి ఉంది, జ్వరాలకీ దెబ్బలకీ చాలు. పెద్దది ఏదొచ్చినా బరంపురం మెడికల్ కాలేజీకి పరుగెత్తాల్సిందే. అత్తగారికి బీపీయో షుగరో ఉంటే, అర్ధరాత్రి బండి కట్టే ఆటోవాడి నంబరు ఒకటి గోడ మీద రాసి పెట్టుకో. 108 ఉంది, అయినా ఆ నంబరు కూడా ఉండాలి.

ఖర్చు లెక్క కూడా ఒకటి చెప్తాను, మీ ఆయనది లెక్కల ఉద్యోగమే కాబట్టి ఆయనకి చూపించు. రైలు పాసు చవకే. కానీ రైలు తప్పిన రోజుల్లో ఆయన బండి తీస్తారు, కొన్నాళ్లకి రోజూ బండే తీస్తారు. అందరి ఇళ్లలో అదే జరుగుతుంది. రానూపోనూ 44 కిలోమీటర్లు, నెలకి పాతిక రోజులు, అంటే 1,100 కిలోమీటర్లు. బండి లీటరుకి యాభై ఇస్తే 22 లీటర్లు, లీటరు వంద అనుకుంటే 2,200 రూపాయలు. అది పెద్ద డబ్బు కాదంటారు. సరే. రోజుకి రెండు గంటల చొప్పున నెలకి యాభై గంటలు దారిలోనే పోతాయి. ఆ యాభై గంటలూ పిల్లలు మేలుకుని ఉండే వేళల్లోంచే తీస్తారు. పైగా జాతీయ రహదారి 16 మీద రాత్రి ఎనిమిదింటికి లారీల మధ్య బండి నడపడం, మార్గశిరం పుష్యం పొగమంచులో మరీనూ. బట్టల కొట్టు కదా, పండగ సీజన్లో పదింటిదాకా మూయరు. ఆ నెలల్లో ఎవరింట్లోనైనా పడుకునే ఏర్పాటు ఉందా అని అడుగు.

నేనైతే కొనేముందు ఒక ఏడాది అక్కడ అద్దెకుండమంటాను. బరంపురం ఇల్లు వదిలేసినా ఫరవాలేదు, అలాంటి ఇళ్లు మళ్లీ దొరుకుతాయి. ఒక మే నెల చూడండి. సముద్రం దగ్గర కాబట్టి కొన్నిచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఎండాకాలంలో ఇంకా ఉప్పెక్కుతాయి. ఆర్యపల్లి వైపు ఇల్లయితే ఇంటి యజమాని ఇచ్చే గ్లాసుడు నీళ్లు కాకుండా కుళాయి తిప్పి నువ్వే తాగి చూడు. ఒక వానాకాలం చూడండి, రోడ్డు మీద నీళ్లు ఎన్ని రోజులు నిలుస్తాయో. ఒక అక్టోబరు చూడండి.

అక్టోబరు అన్నానని నవ్వకు. 2013 అక్టోబరు 12 సాయంత్రం ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడు అదే తేదీకి హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018లో తిత్లీ ఒకరోజు ముందే, 11న, పలాస దగ్గర దాటింది. ఫైలిన్ రాత్రి మా ఇంటి జామచెట్టు వంటింటి రేకుల మీద పడింది. మాకు పదకొండు రోజులు కరెంటు లేదు. బరంపురంలో మా చెల్లెలి వీధికి ముందొచ్చింది, మాకు తర్వాత. ఊరి అంచున ఉన్నవాళ్లకి అన్నీ తర్వాతే వస్తాయి తల్లీ, కరెంటైనా, గ్యాసు బండైనా, పేపరైనా. ఆ పదకొండు రోజులూ చేతిపంపు ఉన్న ఇంటివాళ్లే మా వీధికి రాజులు. నువ్వు చూసిన వీధిలో చేతిపంపు ఉందా?

ఇచ్ఛాపురంలోనే ఇల్లు కట్టుకుని అక్కణ్ణుంచి బరంపురం వచ్చిపోతే ఎలా ఉంటుందని నీకు తోచే ఉంటుంది. పుట్టిల్లు అటే కదా. బరంపురానికి అదీ పాతిక కిలోమీటర్లే, భాష బెంగ ఉండదు, మీ అత్తగారికి అరుగు దొరుకుతుంది. మా తాతగారి కాలంలో అంతా మద్రాసు రాజధానే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరై సరిహద్దు గీత పడింది, ఆయన ఇల్లు ఇటు పొలం అటు అయ్యాయి. కానీ ఇప్పుడు రెండు రాష్ట్రాలు. రేషన్ కార్డు, పిల్లల బడి భాష, రేపు కాలేజీ సీటుకి స్థానికత, అన్నీ ఒకవైపే ఉండాలి. బండి ఒడిశా నంబరుతో ఆంధ్రలో ఏడాది దాటి ఉంచితే నంబరు మార్చుకోవాలి, ట్యాక్సు కట్టాలి. బాబు ఇప్పటికే ఒడియా అక్షరాలు రాస్తున్నాడంటే నేనైతే కదపను. పాప ఒక్కతే అయితే ఆలోచించేదాన్ని.

చివరికి కొనొద్దనడం లేదు. నేను ఇరవయ్యారేళ్లు ఉన్నాను, ఇష్టంగానే ఉన్నాను. మీ అత్తగార్ని తీసుకెళ్లి చూపించి, ఆవిడ ఏమన్నారో నాకు రాయి.

ప్రశ్న: మా అబ్బాయి బరంపురంలో పనిచేస్తున్నాడు. ఊరి బయట, గోపాలపురం దారిలో, ప్రశాంతమైన కాలనీ అని రెండు గుంఠల స్థలం చూపిస్తున్నారు. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు గుంట అంటే 121 గజాలే అంటాడు. బ్రోకరు 193 గజాలు దాటుతుందంటున్నాడు. ఎవర్ని నమ్మాలి? ఇంకేం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఇద్దరూ నిజమే చెప్తున్నారు. తెలంగాణ లెక్కలో ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 గజాలు. ఒడిశా లెక్కలో ఎకరానికి 25 గుంఠలు, గుంఠకి 193 గజాల పైన. ఈ తికమకతోనే మావైపు ఒక పెళ్లి సంబంధం చెడిపోబోయింది, కట్నంగా ఇస్తామన్న స్థలం సగమే ఇస్తున్నారని. ఆ కథ ఇంకోసారి.

మీరు గుంఠలు వదిలేసి డెసిమల్ అడగండి. డెసిమల్ అన్నా మన సెంటు అన్నా ఒకటే, ఎకరంలో వందోవంతు. రెండు గుంఠలంటే ఎనిమిది డెసిమల్, మన లెక్కలో ఎనిమిది సెంట్లు. పట్టాలో ఉండేది కూడా ఎకరం, డెసిమలే. బ్రోకరు నోటి మాట ఏదైనా పట్టాలో 0.08 ఉందా లేదా చూసుకోండి.

తర్వాత చూడాల్సింది కిసం. అంటే ఆ భూమి ఏ రకం అని. పట్టాలో ఘరబారి అని ఉంటే ఇల్లు కట్టుకునే స్థలం. వరి పొలమని ఉంటే, చుట్టూ రంగుల జెండాలు పాతినా, గేటు మీద నగర్ అని రాసినా అది పొలమే. తహసీల్దారు దగ్గర మార్పించుకోవాలి, ఒడిశా భూసంస్కరణల చట్టంలో 8-ఎ కింద. ‘అది మేం చేయిస్తాం’ అంటే, చేయించాకే డబ్బిస్తాం అనండి. పట్టా ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైట్లో ఫోన్లోనే చూడొచ్చు. అంతా ఒడియాలో ఉంటుంది, మీ అబ్బాయికి చదవడం రాకపోతే ఆఫీసులో ఎవరి చేతనైనా చదివించమనండి. అమ్మేవాడి స్నేహితుడి చేత మాత్రం వద్దు. అమ్మేవారు ఎస్సీ, ఎస్టీలైతే ముందస్తు అనుమతి లేని రిజిస్ట్రేషను నిలవదు, చాలామంది అక్కడే దెబ్బతిన్నారు. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం, వీలైనంత వెనక్కి తీయించండి. లేఅవుట్ 500 చదరపు మీటర్లు మించి, ప్లాట్లు ఎనిమిదికి మించి ఉంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదై ఉండాలి, ఆ నంబరు అడగండి. నంబరు చెప్పడానికి నసిగేవాడి టీ కూడా తాగకండి.

ప్రశాంతమైన కాలనీ అన్నారు కదా. రాత్రి ఎనిమిదింటికి మీ అబ్బాయిని ఒకసారి అక్కడికి వెళ్లి రమ్మనండి, కోడలు ఉంటే కోడల్ని కూడా. వీధి దీపం ఎన్ని అడుగులకి ఒకటుందో చూసి రమ్మనండి.

ప్రశ్న: టీచర్, నేను తొమ్మిదో క్లాసు. మూడేళ్ల కిందట బరంపురం నుంచి ఛత్రపురం వచ్చాం. ఇక్కడ అందరూ చాలా మంచి ఊరు, పిల్లలకి సేఫ్ అంటారు. నాకు మాత్రం బోరు. ఫ్రెండ్సంతా అక్కడే ఉండిపోయారు. ఇక్కడ సాయంత్రం ఆరయితే అమ్మ గేటు వేసేస్తుంది. అమ్మమ్మ దగ్గర బరంపురంలో ఉండి చదువుకుంటానంటే నాన్న ఒప్పుకోవడం లేదు. మీరు చెప్తే వింటారేమో.
— ఒక అమ్మాయి, ఛత్రపురం

జవాబు: నీ ఉత్తరం చదివి మా అబ్బాయికి ఫోన్ చేశాను. వాడిప్పుడు నలభైకి దగ్గర పడ్డాడు. ‘ఛత్రపురంలో పధ్నాలుగేళ్లప్పుడు నీకెలా ఉండేదిరా’ అని అడిగితే, ‘జైలు. కాకపోతే సముద్రం ఉన్న జైలు’ అన్నాడు. అప్పట్లో నాకు ఒక్కసారీ చెప్పలేదు వెధవ. కాబట్టి నీకు బోరంటే నేను నమ్ముతాను. ఇలాంటి ఊళ్లు పదేళ్ల లోపు పిల్లలకీ, అరవై దాటినవాళ్లకీ బాగుంటాయి. మధ్యవాళ్ల గురించి ఎవరూ అడగరు.

అమ్మమ్మ దగ్గరికి ఇప్పుడు వెళ్లిపోవడం గురించి నేను మీ నాన్నకి చెప్పను. పదో తరగతి ముందు బడి మారడం కష్టం, నీకే నష్టం. కానీ శనివారం బడి అవగానే రైలెక్కి అమ్మమ్మ దగ్గరికెళ్లి, ఆదివారం సాయంత్రం రావడానికి ఒప్పుకోమని చెప్తాను. మొదటి రెండుసార్లు నాన్న తోడొస్తారు, తర్వాత ఆడవాళ్ల పెట్టెలో ఎవరైనా టీచరమ్మకి అప్పగిస్తారు. ఆ పెట్టెలో నేను అప్పగింత పుచ్చుకున్న ఆడపిల్లలు డజను మంది ఉంటారు. అందులో ఒకమ్మాయి ఇప్పుడు అదే రైల్లో ఉద్యోగానికి వెళ్తోంది.

సర్కారు బడిలో చదువుతుంటే తొమ్మిదో తరగతికి సైకిలు ఇస్తారు కదా, దాన్ని బడికే వాడుతున్నావా? తంపర దగ్గర పడవలు తిరిగే చోటుకి సాయంత్రం వేళ ఇద్దరు ముగ్గురు క్లాసు పిల్లలు కలిసి వెళ్లండి. ఒడియా పిల్లలతో కలుస్తున్నావా, తెలుగువాళ్లనే వెతుక్కుంటున్నావా? జూన్‌లో రజో పండగ మూడు రోజులూ ఆడపిల్లలకి పనులు చెప్పరు, చెట్లకి ఉయ్యాలలు కడతారు. వచ్చే రజోకి మీ వీధి ఉయ్యాల ఎక్కు. మేం వెళ్లిన కొత్తలో మా ఆడపడుచు కూతురు మొహమాటపడి గేటు దగ్గరే నిలబడింది. మావుసీ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, పోడ పిఠా అనే తీపి రొట్టె ముక్క నోట్లో కుక్కి, ఉయ్యాల మీద కూర్చోబెట్టింది. చీకటి పడ్డాక కూడా అది దిగనంది.

మీ అమ్మగారికి ఒక మాట: ఆరింటికి గేటు వేసే ముందు ఒకసారి బయట నిలబడి చూడండమ్మా. ఎదురింటివాళ్లూ అప్పుడే గేటు వేస్తుంటారు. రేపట్నుంచి ఇద్దరూ ఏడింటికి వెయ్యండి.